పట్టుదల ఎక్కడ మొదలవుతుంది?

పట్టుదలను సమాజం సాధారణంగా వ్యక్తి గుణంగానే లెక్కిస్తుంది. ఓడిపోయి మళ్ళీ లేచినవారిని మెచ్చుకుంటుంది, లేవలేనివారికి మనోబలం తక్కువని తేల్చేస్తుంది. కుంగుబాటుతో బాధపడే మనిషికి ఇంట్లోవారు చెప్పే ‘కాస్త మనసు గట్టి చేసుకో’ అన్న మాట కూడా ఈ అంచనా నుంచి వచ్చినదే. అయితే ప్రయత్నించే శక్తి ప్రాణిలో ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు అణగారిపోతుంది అన్న ప్రశ్నపై మనస్తత్వ శాస్త్రం అర్ధశతాబ్దానికి పైగా సాగించిన పరిశోధన ఆ అంచనాను సమర్థించడం లేదు. చేసిన పనికి ఫలితం ఉంటుందని అనుభవంలో తెలిసిన తరువాతే పట్టుదల వేళ్ళూనుకుంటుందని అది సూచిస్తోంది.

ఈ పరిశోధనకు అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పునాది పడింది. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ ప్రచురించిన ప్రయోగంలో కుక్కలను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులోని కుక్క తలతో పక్కనున్న పలకను నొక్కితే కరెంటు షాకు ఆగిపోయేది. రెండవ గుంపులోని కుక్కకు అంతే షాకు, అంతే సేపు తగిలేది గాని, అది ఏం చేసినా ఆగేది కాదు. మూడవ గుంపుకు షాకులే లేవు. తరువాత వాటన్నిటినీ, నడుమ పొట్టి గోడ ఉన్న పెట్టెలో ఉంచి, గోడ దూకితే బాధ తప్పేలా ఏర్పాటు చేయగా, మొదటి, మూడవ గుంపుల కుక్కలు త్వరగానే దూకడం నేర్చుకున్నాయి. రెండవ గుంపులో ఎక్కువ భాగం కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆపైన కూలబడి మూలుగుతూ షాకును భరించాయి. మొదటి రెండు గుంపులు పడిన బాధ ఒక్కటే కనుక, వాటిని వేరు చేసింది ఆ బాధపై తమకు అదుపు ఉండటం, లేకపోవటం మాత్రమే. ఏం చేసినా ఫలితం లేదని అనుభవం నేర్పినందువల్ల ప్రయత్నమే మానుకునే ఈ స్థితికి ‘అభ్యసిత నిస్సహాయత’ అని పేరు పెట్టారు. ఈ ప్రయోగాలు క్రూరమైనవే. వాటి నుంచి తెలిసిన విషయాలు ఆ మూగజీవుల బాధను చెరిపివేయవు.

మొండి కుక్కపిల్లను దెబ్బలతో దారికి తేవాలనుకునేవారు గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. ఏ పనికి దెబ్బ పడుతుందో అర్థం కాని పిల్ల చివరకు కదలకుండా మూలన కూర్చుంటే, యజమాని దానిని క్రమశిక్షణగా పొరబడతాడు. నిజానికి అది నేర్చుకోవడం ఆపేసి ఉండవచ్చు. చిన్న చిన్న మెట్లుగా పని నేర్పుతూ, సరిగా చేసిన ప్రతిసారీ వెంటనే మెచ్చుకుని తిండి ముక్క అందిస్తే, తన ప్రవర్తన తన చుట్టూ ఉన్న లోకాన్ని మారుస్తుందని దానికి తెలుస్తుంది.

ఆ ప్రయోగశాలలోని కుక్కలు కోలుకున్న తీరు మరింత విలువైనది. 1968లో సెలిగ్మన్, మేయర్, జేమ్స్ గీర్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిస్సహాయంగా పడి ఉన్న కుక్కలను పిలిచినా, తిండి చూపినా అవి గోడ దాటలేదు. అప్పుడు వాటి మెడకు పట్టీ కట్టి, షాకు లేని వైపుకు బలవంతంగా లాగారు. ఒకటి రెండు సార్లు లాగితే చాలలేదు. మళ్ళీ మళ్ళీ లాగవలసి వచ్చింది. మొదట్లో బరువంతా లాగేవారిపైనే పడేది, క్రమంగా కొద్దిపాటి లాగుడు సరిపోయింది, చివరకు అవి తమంతట తామే దూకాయి. దాటితే బాధ ఆగుతుందన్న సంగతి వాటికి బోధ వల్ల కాక, తమ కాళ్ళు అటువైపు చేరినందువల్ల తెలిసింది. అంటే తొలి కదలికకు కావలసిన పట్టుదల కుక్కది కాదు, పట్టీ పట్టుకున్న మనిషిది.

2016లో మేయర్, సెలిగ్మన్ తమ సిద్ధాంతాన్ని తామే సవరించుకున్నారు. ఎలుకల మెదడుపై జరిగిన పరిశోధనల ఆధారంగా, సుదీర్ఘమైన బాధ ఎదురైనప్పుడు చేష్టలుడిగిపోవడం నేర్చుకున్నది కాదనీ, అది మెదడు కాండంలోని ఒక కేంద్రకం నుంచి సహజంగానే వచ్చే స్పందన అనీ తేల్చారు. నేర్చుకోవలసింది అదుపును. పరిస్థితి తన చేతిలో ఉందని మెదడు ముందు భాగం గుర్తించినప్పుడు, అది ఆ కేంద్రకాన్ని అణచి ఉంచుతుంది. ఈ సవరణను అంగీకరిస్తే, కదలలేకపోయిన మనిషిని నిందించడానికి మిగిలే ఆధారం చాలా తక్కువ.

మనుషుల కుంగుబాటును కుక్కల ప్రయోగంతోనే వివరించడం సాధ్యం కాదు. వంశపారంపర్యం, ఆత్మీయుల మరణం, థైరాయిడ్ వంటి శారీరక లోపాలు, పేదరికం అందులో కలిసి ఉంటాయి, చాలామందికి మందులు అవసరమవుతాయి. బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ సేవను 14416 నంబరులో సంప్రదించవచ్చు. అయితే ‘బిహేవియరల్ యాక్టివేషన్’ అనే చికిత్స ఆ పట్టీ చేసిన పనిలాంటిదే చేస్తుంది. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని ఎదురుచూడకుండా, ఒకప్పుడు సంతోషమో తృప్తో ఇచ్చిన పనులను చిన్న ముక్కలుగా విడగొట్టి, వేళ నిర్ణయించుకుని చేయడం, ఆపై మనసు ఎలా ఉందో రాసుకోవడం దీని పద్ధతి.

భారతదేశంలో దీనికి బలమైన ఆధారం గోవా నుంచి వచ్చింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలను విక్రమ్ పటేల్ బృందం 2017లో ప్రచురించింది. మానసిక వైద్యంలో ముందస్తు చదువు లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి, రోగులలో ఒక వర్గానికి చెందిన ఒక్కొక్కరితో 6 నుంచి 8 సార్లు మాట్లాడించారు. అవసరమైతే వారు ఇంటికే వెళ్ళేవారు. మూడు నెలలకు ఈ సాయం పొందినవారిలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడగా, మామూలు వైద్యాన్ని కొంత మెరుగుపరచి అందించిన రెండవ వర్గంలో అది 39 శాతమే. కోలుకోవడంలో గణనీయమైన భాగం రోజువారీ పనులు పెరగడం ద్వారానే జరిగిందని విశ్లేషణలో తేలింది. ఏడాది గడిచాక చూసినప్పుడు కూడా ఆ మేలు నిలిచే ఉంది.