నిల్వ సరుకుపై ఋణం – ధరల పరిశీలన

గుంటూరు ప్రాంతంలో మిర్చి టిక్కీలను శీతల గిడ్డంగిలో ఉంచి, ఆ రసీదుపై ఋణం పొందిన రైతు సోదరులు మార్కెట్ ధరలను తరచు గమనించడం అవసరం. 2000లో ప్రారంభమైన ఆగ్‌మార్క్‌నెట్‌లోను, 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్‌లోను యార్డులవారీగా ధరలు లభిస్తాయి.

క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలు కనిపిస్తాయి. మనవారి చూపు సహజంగా గరిష్ఠ ధరపైనే నిలుస్తుంది. అయితే అది ఏ ఒక్క మేలురకం లాటుకో పలికిన ధర కావచ్చు. కనిష్ఠ ధర తాలు కాయలది కావచ్చు. ఎక్కువ సరుకు అమ్ముడైనది మోడల్ ధరకు. మీ లెక్కకు అదే ఆధారం. రకం పేరు, తేదీ కూడా సరిచూసుకోండి. తేజ ధరను మరో రకానికి అన్వయిస్తే లెక్క తప్పుతుంది.

క్వింటాలు 15,000 రూపాయలున్నప్పుడు 10,500 ఋణం తీసుకున్నారనుకుందాం. ధర 12,000కు దిగితే మీ వాటా 4,500 నుండి 1,500కు తగ్గుతుంది; వడ్డీ, గిడ్డంగి అద్దె అందులోనుండే పోవాలి. బ్యాంకు అదనపు మార్జిను కోరేది ఇటువంటప్పుడే. మోడల్ ధర కొన్నాళ్లుగా దిగుతున్నదని గమనిస్తే, నోటీసు వచ్చేవరకు ఆగక శాఖాధికారిని కలవండి. కొంత సరుకు అమ్మి ఆ మేరకు ఋణం తగ్గించుకొనే విషయం అప్పుడే మాట్లాడుకోవచ్చు.

వ్యాపారులు కూడా ఒకటి గమనించాలి: ఆ ధరలో మీ రవాణా, హమాలీ, తరుగు చేరి ఉండవు.