‘మా కార్మికుడు కాదు’ అన్న జవాబు వచ్చాక

మందమర్రి, గోదావరిఖని బొగ్గు గనుల్లోనైనా, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లోనైనా పనిలో గాయపడిన కార్మికుడు పరిహారం అడిగినప్పుడు యజమానో, బీమా సంస్థో కాదనడం ఒక పక్షం వాదనే తప్ప తీర్పు కాదు. 1923 నాటి చట్టం, అంటే 2010 నుంచి ఉద్యోగుల పరిహార చట్టంగా పేరు మారినది, ఈ వివాదాన్ని తేల్చే అధికారాన్ని సివిల్ కోర్టులకు కాక కార్మిక శాఖ అధికారులు నిర్వహించే ‘కమిషనర్’ హోదాకు అప్పగించింది. పారిశ్రామిక వివాదాలు విచారించే గోదావరిఖని లేబర్ కోర్టు వేరు. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుల దారీ వేరు, వారు ఈఎస్‌ఐ సంస్థనే ఆశ్రయించాలి.

నిరాకరణల్లో అన్నిటికంటే మొండిది ‘ఇతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి’ అనేది. యజమాని తన వ్యాపారంలో భాగమైన పనిని తన ఆవరణలోనే కాంట్రాక్టరుకు అప్పగించినప్పుడు, ఆ పని చేసినవారికి పరిహారం చెల్లించే బాధ్యత ప్రధాన యజమానికీ ఉంటుందని, చెల్లించిన సొమ్మును ఆ తర్వాత కాంట్రాక్టరు నుంచి అతను రాబట్టుకోవచ్చని చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి గేట్ పాసు, మస్టర్‌లో హాజరు, పీఎఫ్ చిట్టా, బ్యాంకు ఖాతాలో పడిన కూలి, పోలీసుల ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రిలో చేరిన నాటి కేసు షీటు అనే కాగితాలు ఎంత ముందుగా చేతికొస్తే అంత మేలు. అవి లేనప్పుడు అదే షిఫ్టులో పనిచేసిన తోటివారి సాక్ష్యానికీ విలువ ఉంటుంది. దరఖాస్తుకు 1923 చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషనర్ మన్నించవచ్చు. ప్రమాదం జరిగిన చోటే కాక కార్మికుడు నివసించే చోటు కూడా దరఖాస్తుకు చెల్లుతుంది.

తాగి ఉన్నాడన్న వాదన మరణం, శాశ్వత పూర్తి వైకల్యం సంభవించిన కేసుల్లో నిలవదు. వైకల్యం శాతాన్ని తగ్గించి చూపే వాదన మాత్రం పరిశీలించదగినది. ఒడిశాలోని జైపూర్‌లో 1968లో సినిమా హాలులో పనిచేస్తూ కిందపడి ఎడమ చేయి కోల్పోయిన వడ్రంగి కేసులో, ఒక చేత్తో వడ్రంగం సాగదు గనుక అతని సంపాదన శక్తి పూర్తిగా పోయినట్టేనన్న కమిషనర్ నిర్ణయాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. పరిహారం ప్రమాదం నాటి నుంచే చెల్లించవలసిన బాకీ అని కూడా తేల్చింది. నెల రోజుల్లో చెల్లించని సొమ్ముపై 12 శాతం వడ్డీ, సమర్థించుకోలేని జాప్యానికి 50 శాతం దాకా జరిమానా పడతాయి.

మరణ కేసుల్లో పెద్దమనుషుల సమక్షంలో కుదిరే రాజీ సొమ్ము చట్టం దృష్టిలో పరిహారం కాదు. కమిషనర్ వద్ద జమ చేసినదే లెక్కలోకి వస్తుంది. 1923 చట్టం కింద 2020 నుంచి నెల కూలి పరిమితి 15,000 రూపాయలు గనుక, ముప్పై ఏళ్ల వయసులో ఆ మేరకు సంపాదించే కార్మికుడు మరణిస్తే, అందులో సగాన్ని వయసును బట్టి నిర్ణయమైన 207.98తో హెచ్చించగా వచ్చే 15,59,850 రూపాయలు అతని కుటుంబానికి రావాలి. రాజీ కాగితంపై సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

1923 చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఈ అంశాలకు ప్రత్యేక అధ్యాయం ఉంది. అంతకుముందు ప్రమాదాల వల్ల పాత చట్టం కింద కలిగిన హక్కు మాత్రం పోదు. ఆ పాత చట్టం ప్రకారం కమిషనర్ కూడా దరఖాస్తును తోసిపుచ్చితే 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయవచ్చు గానీ అందుకు ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉండాలి. యజమాని అప్పీలుకు వెళ్లాలంటే మాత్రం ముందుగా పరిహారం మొత్తం జమ చేయవలసిందే, చెల్లించకుండా తప్పించుకు తిరిగితే భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు.