కుక్కకును ఒక మూట

మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన శునకమునకు మూటముల్లెల పని లేకపోయినది. నేటి గృహస్థు వేసవి సెలవులలో విజయవాడనుండి సికింద్రాబాదుకు రైలెక్కునపుడు, వెంట కుక్క కూడ ఉన్నచో, దానికొక మూట కట్టక తప్పదు. అందులో ఏమి ఉండవలెనో శ్రోతలతో కొంత ముచ్చటింప దలచినాము.

అంగళ్ళలో కుక్కలకు రంగురంగుల కోట్లు, రబ్బరు బొమ్మలు అమ్ముచున్నారు. 40 డిగ్రీల ఎండలో కోటు తొడిగిన కుక్కను చూచి మనము మురియవచ్చును గాని కుక్క మురియదు. దాని సామాను మన కంటికి గాక, దాని దాహమునకును ముక్కునకును నచ్చవలెను.

మొదట నీరు. మనకువలె కుక్కకు ఒడలెల్ల చెమట పట్టదు. చెమట గ్రంథులు ముఖ్యముగా దాని అరికాళ్ళలో ఉన్నవి. నాలుక చాచి రొప్పుటయే అది ఒంటి వేడిని తగ్గించుకొను మార్గము. రొప్పినకొలది నోటి తేమ ఆవిరియై పోవును. 10 కిలోల కుక్కకు మామూలు దినములలోనే సుమారు అర లీటరు నీరు కావలెను. వేసవి ప్రయాణమునకు అంతకు రెట్టింపు తీసికొనిపోవుట మంచిది. వెడల్పైన స్టీలు గిన్నెలో కొంచెము కొంచెముగా పెట్టవలెను. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు రొప్పుటయే శ్రమ. వానిని ఎండవేళ కదిలింపకుండుట మేలు. మూతికి చిక్కము వేయవలసి వచ్చినచో, నోరు తెరచుటకు వీలిచ్చు బుట్టవంటి దానినే కొనవలెను. నోటిని బిగించి కట్టు గుడ్డ చిక్కము రొప్పనీయక ప్రాణముమీదికి తెచ్చును.

కుక్క విపరీతముగా రొప్పుచు, చిక్కని చొంగ కార్చుచు, తూలుచున్నచో వడదెబ్బ తగిలినదని అనుమానింపవలెను. నీడకు చేర్చి, ఒడలెల్ల చన్నీట తడిపి, విసరుచు, పశువైద్యునికడకు కొనిపోవలెను. మూటలో పాత తుండుగుడ్డ ఉండుమనుట ఇందుకే. కారులో పోవువారు కాఫీకని దిగి కుక్కను మూసిన కారులో విడువరాదు. ఎండలో నిలిచిన కారులో 10 నిమిషములకే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగును.

రైలు సంగతి వేరు. ఏ.సి. ఫస్టు క్లాసులో రెండు లేక నాలుగు బెర్తుల గదిని పూర్తిగా మనకే రిజర్వు చేసికొన్నపుడు కుక్కను దగ్గర ఉంచుకొనవచ్చును. స్లీపరులోను, ఏ.సి. రెండు, మూడు శ్రేణులలోను కుదరదు. తక్కిన కుక్కలు బ్రేకువానులోని కుక్కల పెట్టెలో పోవలసినదే. పార్సెలు ఆఫీసులో బుక్ చేయించునపుడు పశువైద్యుని ధ్రువపత్రము, టీకాల పుస్తకము చూపవలెను గనుక ఆ కాగితములను మూటలో పైననే ఉంచుట మంచిది. తిండికి, నీటికి పూచీ యజమానిదే.

ఆ పెట్టెలో చీకటి, ఇనుప చప్పుడు, ఎరుగని వాసనలు. అక్కడ కుక్కకు తెలిసినది ఒక్కటియే ఉండగలదు: ఇంటనుండి తెచ్చిన పాత గోనెపట్టా. ప్రయాణమునకు ముందు దానిని ఉతకరాదు. ఈ మాట ఇల్లాండ్రకు రుచింపదని ఎరుగుదుము. కాని ఉతికిన పట్టాలో సబ్బు వాసన ఉండునే గాని ఇల్లు ఉండదు. రైలు ఎక్కువసేపు ఆగు స్టేషనులలో దిగి, నీరు పెట్టి, ఒకసారి పేరుపెట్టి పిలిచి రావలెను.

బెదరిన కుక్క వెనుకకు గుంజుకొని మెడపట్టీనుండి తల తప్పించుకొనును. ప్లాట్‌ఫారముమీద ఇట్లు జరిగినచో అది పట్టాలమీదికే పరుగెత్తవచ్చును. పట్టీకిని మెడకును నడుమ రెండు వ్రేళ్ళు మాత్రమే దూరవలెను. రొమ్ముకు తగిలించు పట్టీ కూడ ఉన్నచో మరింత భద్రము. పట్టీబిళ్ళమీద చెక్కింపవలసినది ప్రయాణములో మన చేతనుండు ఫోను నంబరు. ఇంటికి తాళము వేసి వచ్చినపుడు ఇంటి ఫోను మ్రోగియేమి ప్రయోజనము?

భోజనము బయలుదేరుటకు 3, 4 గంటలముందే, అదియు తేలికగా. తోటి ప్రయాణికులు ముద్దుకొలది అందించు ఉల్లి పకోడీలను మర్యాదగా వారింపవలెను. ఉల్లి కుక్క రక్తకణములను చెరచును. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడ దానికి విషములే. మన జ్వరపుమాత్ర పారాసిటమాలు దానికి ఈయరాదు. నిద్రమందు వైద్యుడు చెప్పిననేగాని వలదు.

ఇక పాత వార్తాపత్రికలు కొన్ని, ప్లాస్టికు సంచులు నాలుగు. కుక్కపిల్లను వెంటబెట్టుకొని ప్రయాణము చేసినవారికి వీని ఉపయోగము వివరింప నక్కరలేదు.