ఇంటియొద్ద టైమింగ్ బెల్టు మార్చుట

మన సామర్లకోటలో బియ్యపుమిల్లు బెల్టు తిరుగుట చూడనివా రరుదు. నునుపు బెల్టు కొంచెము జారినను మిల్లు నడచును. కారు ఇంజనులోని టైమింగ్ బెల్టు అట్టిది కాదు. దానికి పండ్లుండును, ఒక్క పన్నైనను తప్పరాదు.

1983లో అమ్మకమునకు వచ్చి, 2014లో తయారీ నిలిచిపోయిన మారుతీ 800నే చూడుడు. దాని మూడు సిలిండర్ల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాముషాఫ్టు ఒక చుట్టు తిరుగవలయును. అట్లయిననే వాల్వులు వేళకు తెఱచుకొని మూసికొనును. ఈ పొత్తు నిలుపునది ఆ రబ్బరు బెల్టే. ఏండ్లు గడచినకొలఁది అది బీటలువాఱును; నూనె తగిలినచో మఱింత త్వరగా చెడును. తెగెనా, బండి దారిలో నిలిచిపోవును. కొన్ని ఇంజనులలో పిస్టనులు తగిలి వాల్వులు వంగిపోవును.

గత సెలవులలో మేము మా పాత మారుతీకి ఈ బెల్టు మార్చితిమి. ఇంజను చల్లాఱినపిదప బ్యాటరీ తీగ విడదీసి, స్పార్కుప్లగ్గులు తీసి, ఫ్యాను బెల్టును, క్రాంకు పుల్లీని, మూఁతను విప్పితిమి. (జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రింద దూరరాదు.) రెండు పండ్లచక్రముల గీఁతలను ఇంజనుపైనున్న గుర్తులకు ఎదురుగా నిలిపి, టెన్షనరు వదులుచేసి పాతబెల్టు తీసితిమి. టెన్షనరు గరగరలాడినచో దానినిగూడ మార్చుట మేలు. దానికొఱకై మరల నింతపని చేయ నెవరి కోపిక?

క్రొత్తబెల్టు తొడిగి బిగించితిమి. తాళముచెవి త్రిప్పవలెనని తహతహలాడితిమి గాని, ముందుగా పానాతో క్రాంకును మెల్లగా రెండు చుట్లు త్రిప్పి చూచితిమి. క్యాము గీఁత ఒక పన్ను ప్రక్కకు పోయియుండెను! విప్పి మరల తొడుగుటకు గంట పట్టినది. రెండవమాఱు గీఁతలు కుదిరినపిదపనే మూఁత బిగించి బండి నడిపితిమి.