అంకె మీద నిలబడేదా మన విశ్వాసం?

ఒకే సినిమా పదిమంది చూస్తే పది రకాలుగా చెబుతారు. 2013లో తొలిసారి ప్రదర్శించిన 'పార్టికల్ ఫీవర్' అనే డాక్యుమెంటరీ విషయంలోనూ అదే జరిగింది. జెనీవా నగరం దగ్గర స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దుల్లో, సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో నిర్మించిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే మహాయంత్రం కథ అది. ప్రోటాన్లను దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించి, అప్పుడు పుట్టే కణాలను పరిశీలించడమే ఆ యంత్రం పని. 1964లో పీటర్ హిగ్స్ ఉందని ఊహించిన ఒక కణం కోసం వేలాది శాస్త్రవేత్తలు అక్కడ ఏళ్ల తరబడి వెదికారు.

'ఇంత డబ్బు పోస్తే ఒరిగేదేమిటి?' అన్నది కొందరు ప్రేక్షకుల ప్రశ్న. సినిమాలోనే ఒక ఆర్థికవేత్త ఇలా అడిగితే, నిర్మాతల్లో ఒకరైన శాస్త్రవేత్త డేవిడ్ కప్లాన్ తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకుంటాడు. సిద్ధాంతాల మధ్య పోటీని మరీ రెండు ముక్కల్లో తేల్చేశారని కొందరు భౌతిక శాస్త్రవేత్తలు విమర్శించారు. లెక్కలు రాకపోయినా, ఆ మనుషుల ఓపిక చూసి కదిలిపోయిన వారూ ఉన్నారు.

మరి విశ్వాసుల మాటేమిటి? ఆ కణానికి పత్రికలు పెట్టిన 'దైవకణం' అనే పేరే మనల్ని రెండుగా చీల్చింది. 'చూశారా, దేవుడున్నాడని సైన్సే రుజువు చేసింది' అని కొందరు సంబరపడ్డారు. 'దేవుణ్ణి పక్కకు తోసేయడానికే ఇదంతా' అని మరికొందరు హడలిపోయారు. నిజానికి ఆ పేరు లియాన్ లెడర్‌మన్ అనే శాస్త్రవేత్త 1993 నాటి తన పుస్తకానికి పెట్టుకున్న శీర్షిక నుంచి వచ్చింది. హిగ్స్ నాస్తికుడే అయినా, అది విశ్వాసులను నొప్పిస్తుందని ఆ పేరును ఇష్టపడలేదు. విశ్వమంతటా వ్యాపించి మూలకణాలకు ద్రవ్యరాశినిచ్చే ఒక క్షేత్రం ఉందనడానికి ఆ కణం గుర్తు, అంతే. సృష్టికర్తను చూపించే సాక్షీ కాదు, ఆయన సింహాసనానికి పోటీదారూ కాదు.

సినిమాలో మనం నేర్చుకోవలసిన అసలు ఘట్టం మరొకటుంది. ఆ కణం ద్రవ్యరాశి జీఈవీ అనే కొలతలో 115 దగ్గర తేలితే, ప్రకృతిలో మనం ఇంకా చూడని చక్కని జతకణాలున్నాయనే 'సూపర్ సిమెట్రీ' వాదానికి బలం. 140 దగ్గర తేలితే, లెక్కలేనన్ని విశ్వాల్లో మనది ఎలాగో కుదిరిన ఒకటి మాత్రమేననే 'మల్టీవర్స్' వాదానికి బలం. మొదటిది సృష్టిలోని క్రమానికి దగ్గరగా ఉందని, రెండోది దేవునికి చోటు లేకుండా చేస్తుందని మనలో చాలామందికి అనిపిస్తుంది. 2012 జూలై 4న ఫలితం ప్రకటించారు. అది 125 చేరువలో ఉంది! ఏ పక్షమూ గెలవలేదు.

ఇప్పుడు ఆలోచిద్దాం. మన దేవుణ్ణి 115 అనే అంకెకు కట్టేసి ఉంటే ఆ రోజు మన గతేమిటి? అంకె మారినప్పుడల్లా వణికే విశ్వాసం ఇసుక మీద కట్టిన ఇల్లే కదా!

ఆ శాస్త్రవేత్తలను చూడండి. 2008 సెప్టెంబరు 10న యంత్రం మొదలైనప్పుడు మన దేశంలో కొన్ని టీవీ చానెళ్లు ప్రళయం వస్తుందని భయపెట్టాయి. ప్రళయం రాలేదు కానీ, తొమ్మిది రోజులకే యంత్రం పాడైంది. అయస్కాంతాల మధ్య విద్యుత్ అతుకు ఒకటి చెడి, టన్నుల కొద్దీ హీలియం బయటికి తన్నుకొచ్చింది. ఏడాదికి పైగా మరమ్మతు చేసి మళ్లీ నడిపారు. జీవితమంతా నమ్ముకున్న సిద్ధాంతం ఒక్క పూటలో తప్పని తేలవచ్చని తెలిసీ ఫలితం కోసం ఎదురుచూశారు. సత్యం ముందు అంత తగ్గింపు మనకుందా?

మన సంఘాల్లో సైన్స్ చదివే పిల్లలున్నారు. వాళ్లు ప్రశ్న అడిగితే 'సైన్సా, దేవుడా, తేల్చుకో' అని నోరు మూయిస్తున్నాం. ఆ ప్రశ్న అక్కడితో చావదు. పిల్లవాడే మెల్లగా చర్చికి రావడం మానేస్తాడు. బోధించినవాడు పౌలంతటి వాడైనా, బెరయ వారు అతని మాటలను లేఖనాలతో సరిచూసుకున్నారు. బైబిలు వారిని ఘనులనే మెచ్చుకుంది. సృష్టిని చూపిస్తూ దేవుడు యోబును ప్రశ్నలే అడిగాడు. ప్రశ్నలకు జడిసే దేవుడు కాదాయన.

పిల్లలతో కలిసి ఆ సినిమా చూద్దాం. తెలియనిది తెలియదని చెబుదాం. సత్యమంతా దేవునిదేనని నమ్మేవారికి ఏ సత్యమూ శత్రువు కాదు.