కోపాన్ని ఆపాలి, కన్నీటిని ఆపకూడదు

ఇంటర్మీడియట్ చదువుతున్న కుమారుడు సాయంత్రం ట్యూషన్ నుండి ఇంటికి వస్తాడు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకొని చదివాడు. మధ్యాహ్నం సరిగా తినలేదు. చెప్పులు విడుస్తుండగానే తండ్రి "మార్కులెన్ని వచ్చాయిరా?" అని అడుగుతాడు. జవాబు రాకముందే పక్కింటి అబ్బాయితో పోలిక మొదలవుతుంది. మరుక్షణం పుస్తకాల సంచి గోడకు తగులుతుంది. ఆ కోపం తండ్రి ప్రశ్నతో పుట్టినది కాదు. ఉదయం నుండే శరీరంలో సిద్ధమవుతూ వచ్చినది.

రెండు రకాల వేగాలు

చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం వేగాలను గురించి వివరిస్తుంది. వేగమంటే లోపల పుట్టి, వెలికి రావడానికి త్వరపెట్టే ప్రేరణ. ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, ఆవులింత, కన్నీరు మొదలైన 13 శారీరక వేగాలను అణచరాదు. క్రోధం, లోభం, భయం, ఈర్ష్య వంటి మనోవేగాలను, పరుష వాక్కును, పరపీడనను మాత్రం నిగ్రహించాలి.

మనం పిల్లల విషయంలో ఈ నియమాన్ని తలక్రిందులు చేస్తున్నాం. చదువు కోసం ఆకలిని, నిద్రను ఆపుకోమంటాం. "మగపిల్లవాడివి, ఏడుస్తావేమిటి?" అని కన్నీటిని ఆపిస్తాం. ఆపవలసిన వాటిని ఆపే శక్తి ఇక వారికి ఎక్కడ మిగులుతుంది? ఆలోచించి అడుగు వేయించే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఎదుగుతూనే ఉంటుందని, నిద్రలేమి దాని అదుపును సడలిస్తుందని ఆధునిక వైద్యం కూడా చెబుతున్నది.

నిగ్రహమంటే దిగమింగడం కాదు

కోపం వచ్చినపుడు యువకుని మనస్సు రెండుగా చీలుతుంది. ఒకటి "కొట్టు" అంటుంది, మరొకటి "తప్పు" అంటుంది. ఈ రెండవ మాటకు బలమిచ్చే శక్తినే ఆయుర్వేదం 'ధృతి' అన్నది. ధృతికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిని ఇలా సంపాదించుకోవచ్చు:

• "కొంచెంసేపాగి మాట్లాడతాను" అని చెప్పి ఆ చోటు విడవాలి.
• ముఖం, చేతులు, కాళ్ళు చల్లని నీటితో కడుగుకొని, ఒక గ్లాసు నీరు నెమ్మదిగా త్రాగాలి.
• నాలుగంకెలు లెక్కించేవరకు శ్వాస తీసి, ఆరంకెలు లెక్కించేవరకు వదలాలి. ఇలా పదిసార్లు చేయాలి.
• ఏం జరిగింది, ఏం చేయాలనిపిస్తున్నది, చేస్తే రేపు ఏమవుతుంది అన్న మూడు విషయాలు కాగితంపై వ్రాయాలి.
• ఏడుపు వస్తే ఏడ్వాలి. అది బలహీనత కాదు.

ఇంట్లో చేయదగినవి

క్రోధం పిత్తాన్ని, జాగరణ వాతాన్ని ప్రకోపింపజేస్తాయి. కనుక పరీక్షల రోజులలో కారం, పులుపు, ఊరగాయలు, కాఫీ, టీలు తగ్గించాలి. సాయంత్రం రాగానే జీలకర్రపొడి కలిపిన పలుచని మజ్జిగ ఇవ్వవచ్చు. చెంచాడు ధనియాలను నలగగొట్టి రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడకట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగించవచ్చు. నిద్రకు ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించడం హాయినిస్తుంది. ఇవి కోపానికి మందులు కావు. శరీరాన్ని నెమ్మదింపజేసే సాయాలు మాత్రమే.

తరచుగా చేయి చేసుకోవడం, వస్తువులు పగులగొట్టడం, తనకు తాను హాని చేసుకోవడం లేదా అటువంటి మాటలు మాట్లాడటం, మత్తుపదార్థాల అలవాటు కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చేయక మానసిక వైద్యుని సంప్రదించాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు.

పెద్దలకొక మాట. ఈ నియమాలు తండ్రికీ వర్తిస్తాయి. తాను కేకలు వేస్తూ కుమారునికి శాంతం నేర్పలేడు. మార్కుల ప్రశ్న ఒక గంట ఆగగలదు. గుమ్మంలో అడుగుపెట్టిన పిల్లవానితో ముందుగా "కాళ్ళు కడుక్కుని రా నాన్నా, ఏదైనా తిందువుగాని" అనండి. సగం కోపం అక్కడే చల్లారుతుంది.