గోడ నెరిగి డ్రిల్లును కొనుడు

ఇబ్రహీంపట్నం పేరు వినగానే పెద్ద చెరువు గుర్తుకు వచ్చును. అది 1550 నుండి 1580 వరకు గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా నాటిది. ఈ ప్రాంతపు నేలలో ఎక్కడ త్రవ్వినను గ్రానైటు రాయి తగులును. ఆ రాయియే మట్టితోను, డంగు సున్నముతోను కలిసి ఇక్కడి పాత ఇండ్లకు గోడయైనది. నాగార్జునసాగర్ రహదారి వెంట లేచుచున్న కొత్త ఇండ్లకు ఇటుక, సిమెంటు దిమ్మ, కాంక్రీటు వచ్చినవి. ఒకే వీధిలో నాలుగు విధముల గోడలు కానవచ్చును. ఒక్కొక్క ఇంట ముందుగది ఇటుకది, వెనుకగది రాతిది. గోడకు రంధ్రము చేయు విద్యుత్ యంత్రమును కొనదలచినవారు దుకాణమునకు పోవుటకు ముందు తమ గోడను పరీక్షింపవలెనని మేము చెప్పుట ఇందుచేతనే.

పూర్వము సుత్తి, ఉలితో గోడను తొలిచి, అందులో చెక్క గూటము బిగించి మేకు కొట్టెడివారు. ఇప్పుడు నీటి గొట్టములకు, అలమరలకు, మోటారు స్టార్టరు పెట్టెకు, దూరదర్శినికి అన్నిటికిని రంధ్రములే కావలెను. కొన్నివేల రూపాయలు పెట్టి కొన్న యంత్రము గోడమీద గీతయైనను వేయలేక అటకెక్కిన ఇండ్లను మేము చూచితిమి. లోపము యంత్రముది కాదు, ఎంపికది.

దుకాణములలో రెండు వేర్వేరు యంత్రములను “హామర్ డ్రిల్లు” అను ఒకే పేరుతో అమ్ముదురు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. మొదటిది ఇంపాక్టు డ్రిల్లు. దీనిలో పళ్లుగల రెండు చక్రములు ఒకదానిపై నొకటి దొరలుటచేత బిట్టు అదురును. ఆ అదురు నిమిషమునకు వేలకొలది సార్లు కలుగును గాని ఒక్కొక్క దెబ్బ మిక్కిలి స్వల్పము. మనిషి బలముగా నొక్కిననే అది పనిచేయును. రెండవది రోటరీ హామరు. దీనిలో ఒక ముషలకము గాలిని నొక్కగా, ఆ గాలి లోపలి సుత్తిని బిట్టుమీదికి విసరును. దెబ్బలు తక్కువ, బలమెక్కువ. మొదటిది చేతి వణకు, రెండవది రోకటి పోటు అనుకొనిన సరిపోవును. జర్మనీలోని బాష్ సంస్థ 1932లో ఇట్టి విద్యుత్ సుత్తిని తెచ్చినది. బిట్టును తాళముతో బిగింపక నొక్కి తగిలించు ఎస్.డి.ఎస్. పద్ధతి 1975లో వచ్చినది. నేడు యంత్రపు మూతిని చూచినచో రెండింటికిని భేదము తెలిసిపోవును: మూడు దవడల చక్కు ఉన్నచో సాధారణముగా మొదటిది, ఎస్.డి.ఎస్. మూతి యున్నచో రెండవది.

ఇక గోడ సంగతి. మూలగా ఒకచోట సన్నని రంధ్రము వేసి పొడిని చూడుడు. ఎర్రని పొడి రాలినచో ఇటుక. దీనికి 13 మి.మీ. చక్కుగల, 550 నుండి 750 వాట్ల ఇంపాక్టు డ్రిల్లు చాలును. దెబ్బను ఆపి ఇదే యంత్రముతో కర్రకు, ఇనుమునకు కూడ రంధ్రము వేయవచ్చును గనుక రైతు ఇంటికి ఇది ఉపయోగకరము. బూడిదరంగు పొడి వచ్చి, బిట్టు నడుమ నడుమ ఆగిపోయినచో కాంక్రీటని గ్రహింపుడు. కాంక్రీటు కప్పునకు, దూలమునకు, గ్రానైటు రాతికి రెండు జౌళ్లకు తగ్గని దెబ్బగల రోటరీ హామరు కావలెను. వాటు యంత్రము తిను విద్యుత్తును తెలుపును. జౌలు అది కొట్టు దెబ్బను తెలుపును. ఎద్దును మేతను బట్టి గాక దున్నిన చాలును బట్టి బేరమాడుదుము గదా!

మట్టితో పేర్చిన రాతి గోడ విషయము వేరు. ఇబ్రహీంపట్నంలో ఒక పాత ఇంట 8 మి.మీ. రంధ్రము కొరకు రాళ్ల సందులో యంత్రము పెట్టగా, మట్టి జలజల రాలి పిడికిలి పట్టునంత గుంట యేర్పడినది. అట్టి గోడకు వెడల్పైన రాతి నడుమనే, తొలుత దెబ్బ లేకుండ గుర్తుచేసి, పిమ్మట మెల్లగా తొలువవలెను. గోడ ఉబ్బియున్నచో ఆ పని అసలే తలపెట్టరాదు. కాంక్రీటులో బిట్టుకు ఇనుప చువ్వ తగిలినచో దానిని కోయక, ప్రక్కకు జరిగి వేరొక రంధ్రము వేయవలెను.

సాలుకు నాలుగు రంధ్రములకంటె ఎక్కువ అవసరము లేని కుటుంబము యంత్రమును అద్దెకు తెచ్చుకొనుటయే మేలని మా యభిప్రాయము. దుకాణదారులకు ఈ మాట రుచింపకపోవచ్చును.

తీగగల యంత్రమునకు బ్యాటరీ ఖర్చు లేదు, విద్యుత్తున్నంతసేపు పనిచేయును. 750 వాట్ల యంత్రము 230 వోల్టుల వద్ద సుమారు మూడున్నర ఆంపియర్లు మాత్రమే తీసికొనును. కాని సన్నని తీగను ఇంటినుండి బావివరకు లాగినచో వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కును. 1.5 చదరపు మి.మీ. రాగి తీగకు తక్కువ వాడకుడు. చతురస్రములో చతురస్రము గుర్తున్న యంత్రము రెండు పొరల రక్షణ గలది. ఐనను తడి గోడకు, తడి చేతికి అది అభయమీయదు. ఇంటి మీటరు వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూచుకొనుడు.

ప్రాణాపాయము తరచుగా యంత్రములో గాక గోడలో దాగియుండును. స్విచ్చి బోర్డునకు నేరుగా పైన, క్రింద, ప్రక్కల తీగలు పోవుచుండును. ఆ వరుసలలో రంధ్రము వేయరాదు. ఆ గది విద్యుత్తును ఆపి, వేరొక గదినుండి యంత్రమునకు కరెంటు తెచ్చుకొనవలెను. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. అది వచ్చిన పిమ్మట నయము కాదు. తువాలు కట్టుకొనుట చాలదు. ఎన్-95 మాస్కు, కంటికి అద్దములు ధరింపవలెను. కొంగు, వ్రేలాడు కండువా బిట్టునకు దూరముగా నుంచుడు.

కొనునప్పుడు బిల్లుతోపాటు, కార్బను బ్రష్షులు ఇబ్రహీంపట్నంలోనే దొరకునా, లేక వాటికై హైదరాబాదు పోవలెనా యని అడిగి తెలిసికొనుడు. యంత్రములో మొదట అరుగునవి అవే.